పాదాలున్న బొమ్మ

విశాఖపట్నంలో, సముద్రం ఒడ్డున కొత్తగా కట్టిన మ్యూజియంలో నా ముఖం ఉంది. ఏసీ గదిలో, తెల్ల గోడ ముందు, పైనుంచి లైటు పడేలా పెట్టారు. చూడవచ్చినవాళ్ళు చేతులు వెనక్కి కట్టుకుని, మాటా పలుకూ లేకుండా నా ముక్కు కేసి చూస్తూ నిలబడతారు. నర్సీపట్నం మొత్తమ్మీద ఇంత గౌరవం దక్కిన ముఖం ఇంకోటి లేదు. ఎలా దక్కిందో చెప్తాను. ఎంతసేపు నిలిచిందో కూడా చెప్తాను, తొందరపడకండి.

దీనికంతకీ కారకుడు పెదబాబు. మా ఎదురింటివాడు, వరసకు బావమరిది. దిష్టిబొమ్మలు కడతాడు. పొలంలో పిట్టల్ని బెదిరించేవి కావు, మా ఊరి అబీదు సెంటర్లో ధర్నాలప్పుడు తగలబెట్టేవి. ఒకప్పుడు గడ్డి ఇళ్ళు కప్పేవాడు. ఊరంతా స్లాబులు పడ్డాక గడ్డి పట్టిన చేతికి పని లేక ఇందులోకి దిగాడు. ఏ పార్టీకి ఎవరి మీద కోపం వచ్చినా ముందు కబురు వచ్చేది అతనికే. పొద్దున్న ఒకరిది కాలుతుంది, సాయంత్రం వాళ్ళని కాల్చినవాళ్ళది కాలుతుంది. రెండింటికీ గడ్డి ఒకే కుప్పలోది.

ఒకసారి పోలీసులు బొమ్మని అంటించకముందే లాక్కుపోయి లాకప్పులో పడేశారు. పొద్దున్నే లోపలున్నవాళ్ళని లెక్కపెట్టిన హోటలువాడు దానికీ ఒక ఇడ్లీ పొట్లం పెట్టి వెళ్ళాడు. ఆ పొట్లం విడిపించుకొచ్చి తిన్నది నేనే. చట్నీ బాగుంది.

కాలే బొమ్మకి కట్టు వదులుగా ఉండాలి. పెదబాబు రెండు వెదురు కర్రల్ని అడ్డంగా నిలువుగా కట్టి, పాత చొక్కాలో, పాంటులో గడ్డి పొడిపొడిగా దోపుతాడు. మధ్యలో గాలి ఆడాలి. నడుం దగ్గర పురికొస ఒక్క చుట్టు మించితే మంట అక్కడే ఆగిపోతుంది. పాదాలు పెట్టడు. మోసుకెళ్ళే బొమ్మకి నడిచే పనేముంది? ముఖం కూడా పెట్టడు. అది పార్టీవాళ్ళే ఫ్లెక్సీ షాపులో ప్రింటు తీయించుకొచ్చి ఆఖరి నిమిషంలో అంటిస్తారు.

ఈ కథ మొదలైన రోజు ధర్నా రాజుబాబుది. ఆయన పార్టీ యువజన విభాగానికి ఇక్కడ పెద్ద. పెదబాబు ఎప్పటిలాగే టీకొట్టు బల్ల మీద కూర్చుని చూస్తున్నాడు. తను కట్టింది సరిగ్గా కాలిందో లేదో చూడకుండా ఇంటికి వెళ్ళడు. అప్పుడు మెడలో గుర్తింపు కార్డు వేసుకున్న అమ్మాయి ఒకర్తె గుంపులో దూరి ఫోటోలు తీయడం మొదలుపెట్టింది. రాజుబాబు జుట్టు సర్దుకుని, చెయ్యి పైకెత్తి, నిలబడ్డాడు.

"సర్, మీరు కాస్త పక్కకి జరగండి. బొమ్మ కనబడట్లేదు," అంది ఆ అమ్మాయి.

టీకొట్టు దగ్గరున్న వాళ్ళందరం నవ్వాం. రాజుబాబు నవ్వలేదు. బొమ్మ ఎవరు చేశారని అడిగితే "మేమేనండి, మా పార్టీయే," అన్నాడు. అంతలో అంటించారు. నడుం దగ్గర ఆగకుండా గుప్పున పైకి లేచింది. టీ చల్లారకముందే అయిపోయింది. మున్సిపాలిటీ కొండలమ్మ చీపురు పట్టుకుని, బూడిద ఎగరకుండా నీళ్ళు చల్లుకుంటూ, అన్ని పార్టీల్నీ సమానంగా తిట్టుకుంటూ వచ్చింది.

నేను ఆ అమ్మాయిని పిలిచి పెదబాబుని చూపించాను. "ఇదిగోనమ్మా బ్రహ్మ. ఈయన పుట్టించినోళ్ళెవరూ పొద్దు గూకేదాకా బతకలేదు."

ఆమె పేరు లావణ్య. వైజాగ్ కాంటెంపరరీ ఆర్ట్ మ్యూజియంలో పని. చుట్టుపక్కల జిల్లాల కళాకారుల్ని పిలుస్తున్నారట. అందరూ తమ పని పంపాలి, జ్యూరీ అని పెద్దవాళ్ళు కూర్చుని చూస్తారు, వాళ్ళకి నచ్చినవి ప్రదర్శనకి పెడతారు.

"టెంపరరీయేటమ్మా?" అన్నాడు పెదబాబు.

"టెంపరరీ కాదండీ, కాంటెంపరరీ. అంటే ఇప్పటి కాలానిది."

"ఇప్పటిదంటే మరి టెంపరరీయే గదా," అన్నాను నేను. ఆ అమ్మాయి నవ్వేసింది.

పెదబాబు నవ్వలేదు. కొండలమ్మ గోతంలోకి ఎత్తుతున్న బూడిద వైపు చూస్తున్నాడు. "సెలక్టయితే కాల్సరు గదమ్మా?" అని అడిగాడు.

"మ్యూజియంలో కాల్చడమేంటండీ బాబాయ్ గారూ! లోపలికి అగ్గిపెట్టె కూడా రానివ్వరు."

"అయితే ఉంతాది."

"ఉంటుందండీ. ఏసీలో ఉంటుంది."

పెదబాబు టీ గ్లాసు బల్ల మీద పెట్టి, మళ్ళీ తీసి, ఖాళీ గ్లాసే తాగాడు.

మరునాడు పొద్దున్నే మాకవరపాలెం నుంచి కొత్త గడ్డి మోపులు తెప్పించాడు. చింకి చొక్కాలు పక్కన పెట్టి, ఉతికిన చొక్కా, మాసిక లేని పాంటు తీశాడు. కర్రలు కట్టాడు, గడ్డి దోపాడు, మధ్యాహ్నానికి నిలబెట్టాడు. బొమ్మ ఒక పక్కకి వాలి, చూస్తుండగానే నడుం దగ్గర మడిచిపెట్టినట్టు కూలబడింది.

అతని భార్య సింహాద్రమ్మ గుమ్మంలో చేటతో బియ్యం చెరుగుతోంది. "ఓలమ్మో, ఇంకా అంటించకుండానే సచ్చిపోనాదేటి?" అంది.

"సెయ్యి ఇనట్లేదే. బిగించుదారంటే వదులుగా కట్టీస్తంది."

"ఇల్లు కప్పినట్టు కట్టు మావా. నీకు రాని పనా?"

పెదబాబు కాసేపు చేతులకేసి చూసుకున్నాడు. తర్వాత మొత్తం విప్పేశాడు. గడ్డిని గుప్పెళ్ళుగా తీసి, మొదళ్ళు సమం చేసి, వేపాకు మరగబెట్టిన నీళ్ళలో ముంచి, ఎండలో పరిచాడు. ఆరాక చూరు దగ్గర కట్టినట్టు ఒక్కొక్క గుప్పెడూ మోకాలితో నొక్కి, పురికొస పళ్ళతో లాగి ముడేశాడు. వాన చుక్క దిగకూడదు, చీమ దూరకూడదు అన్నట్టు. సింహాద్రమ్మ దబ్బనంతో చొక్కా అంచుల్ని కుట్టుకుంటూ వచ్చింది. ఒక్కో కుట్టుకీ బొమ్మ కిర్రుమనేది. ఆ పని రెండ్రోజులు పట్టింది. వేళ్ళు కోసుకుపోయి పసుపు రాసుకున్నాడు. నేను తడితే చెక్కని తట్టినట్టు మోగింది.

పాదాలు కూడా పెట్టాడు. పాత న్యూస్ పేపరు మీద గీసి, కత్తిరించి, ఆ కొలతకి గోనె కుట్టి, అడుగున ఇసక పోశాడు. ఇంత బొమ్మ నిలబడాలంటే పాదం పెద్దదే కావాలి. నిలబెట్టి చెయ్యి వదిలాడు. ఊగలేదు. చెయ్యి ఇంకా గాల్లోనే ఉంచి, రెండడుగులు వెనక్కి వేసి చూశాడు. అతను కట్టినవాటిలో సొంతంగా నిలబడ్డది అదొక్కటే.

మిగిలింది ముఖం. తెచ్చి ఇచ్చేవాళ్ళు లేరు. ఇక్కడే నా ఘనత మొదలవుతుంది. "నా ముఖం ఎట్టుకోరా, పోనీలే," అని అతని ముందు పీట వేసుకుని, మెడ నిటారుగా పెట్టి కూర్చున్నాను. పెదబాబు సింహాద్రమ్మ పాత చీర ముక్కలో దూది పెట్టి, నన్ను చూసి కుట్టి, నన్ను చూసి విప్పి, మళ్ళీ కుట్టాడు. ఆఖరికి దబ్బనం కింద పెట్టేసి, "నీ ముక్కు గుడ్డలో ఇమడదు బావా. దానికేరే బొమ్మ కట్టాల," అన్నాడు.

అంచేత ఆ ముఖం నాది కాదు. మొదట్లో చెప్పింది అబద్ధమే. కానీ ప్రయత్నం చేసిన ముఖాల్లో నాదే మొదటిది, అంతవరకు ఒప్పుకోండి.

అతను కుట్టిన ముఖం ఎవరిదో నాకు తెలీదు. నుదుటి మీద రెండు ముడతలు. నోరు కొంచెం తెరిచి, ఏదో అడగబోయి, అడిగితే ఏమంటారో అని ఆగినట్టు. వచ్చినవాడికల్లా అందులో ఒకడు కనబడ్డాడు. పాలవాడికి వాళ్ళ మావ కనబడ్డాడు. కానిస్టేబులొకాయన చూసి, "ఇది మా పాత ఎస్సై గారు గదా, ఎవరు సెయ్యమన్నారు?" అని గొంతు పెంచాడు. సింహాద్రమ్మ మాత్రం చాలాసేపు చూసి, "ఈడికాకలేస్తంది," అంది.

ముఖం కుట్టిన మూడో నాడు సాయంత్రం రాజుబాబు మోటారుసైకిలు దిగి, తాళంచెవి వేలికి తిప్పుకుంటూ వచ్చాడు. బొమ్మ బేగి, ఇప్పటికిప్పుడు కావాలి, సెంటర్లో జనం కూడిపోయారు. పెదబాబు పెరట్లోంచి గడ్డి తేబోతుంటే ఆయన చూపు అరుగు మీద నిలబడ్డ బొమ్మ మీద పడింది.

"ఇదుంది గదా! ఓరి బాబూ, సరిగ్గా మా అవతలోడే. ప్రింటు ఖర్చు కూడా నేదు. ఎత్తండ్రా."

పెదబాబు గడ్డి పట్టుకునే అడ్డం నిలబడ్డాడు. "అది కాదు బాబూ. ఏరేది కట్టీస్తాను. గంటలో."

"గంటలో పోలీసులొచ్చీస్తారు. ఏటి పెదబాబూ, నా కాడే బేరాలా?"

"బేరం కాదు బాబూ. అది కాల్సడానికి కట్టింది కాదు."

రాజుబాబు పెద్దగా నవ్వాడు. "కాల్సడానికి కట్టని దిష్టిబొమ్మేట్రా? మరేటి, పెళ్ళి సేస్తావా దానికి?"

సింహాద్రమ్మ లోపల్నించి వచ్చి, కొంగు బిగించి, బొమ్మ పక్కన నిలబడింది. "సేస్తాం బాబూ. సంబంధాలుంటే సెప్పండి," అంది.

ఆయన నవ్వు తగ్గించి, బొమ్మ వైపు ఒకసారి, పెదబాబు వైపు ఒకసారి చూశాడు. "నీ బొమ్మ ఎక్కడికెల్లినా తగలడీదే. ఇక్కడ కాల్తే కనీసం నా పేరైనా ఉండును," అని బండి తిప్పుకుని వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రం వాళ్ళు సెంటర్లో పాత టైరు కాల్చుకున్నారు. పెదబాబు చేతిలో గడ్డి అలాగే ఉంది. తర్వాత తీసుకెళ్ళి కుప్పలో పెట్టాడు.

మ్యూజియం వ్యాను వచ్చి బొమ్మని తీసుకెళ్ళింది. పడుకోబెడతామన్నారు గాని పెదబాబు ఒప్పుకోలేదు. నిలబెట్టి, తాళ్ళు కట్టించి, తాళ్ళకింద గుడ్డ మడిచి పెట్టాడు. వ్యాను సందు తిరిగేదాకా చూసి, "కాళ్ళకేటీ నేవు," అన్నాడు.

లావణ్య ఫోను వచ్చినప్పుడు నేను అక్కడే ఉన్నాను. "సెలెక్ట్ అయ్యింది బాబాయ్ గారూ! జ్యూరీ అందరూ ఒకటే మాట. శనివారం సాయంత్రం ఓపెనింగ్, మీరు తప్పకుండా రావాలి," అంది. ఇంకేదో చెప్పబోయి, ఆగి, "వచ్చాక మాట్లాడదాం లెండి," అంది. ఆ ఆగడం పెదబాబు వినలేదు. నేను విన్నాను గాని, సిగ్నలు పోయిందనుకున్నాను.

వార్త సందంతా తిరిగింది. కొండలమ్మ వచ్చి, "ఒక్కటైనా నాను ఊడవక్కర్లేని బొమ్మ కట్టినావు," అని మెచ్చుకుంది. పెదబాబు న్యూస్ పేపరులో కత్తిరించిన పాదం కొలత మడిచి జేబులో పెట్టుకుని చెప్పుల షాపుకి వెళ్ళాడు.

"ఎవరికి బాబాయ్?" అన్నాడు షాపు కుర్రాడు, కాగితం చూసి.

"మావోడికి."

"ఇంత కాలేటి! ఆడ్నే తీసుకురావచ్చు గదా, ఏసుకుని సూసుకుంటాడు."

"ఆడు వైజాగెల్లిపోనాడు."

శనివారం ఇద్దరం బస్సెక్కాం. సింహాద్రమ్మ రానంది. "నాను పంపినప్పుడే సూసుకున్నాను. నువ్వు సెప్పులేసి, ఎలాగున్నాడో సూసి రా," అంది. పెదబాబు ఇస్త్రీ చొక్కా నలగకుండా సీటుకి ఆనకుండా కూర్చున్నాడు. చెప్పుల సంచి ఒళ్ళో పెట్టుకున్నాడు. తాళ్ళపాలెం దాటేదాకా కిటికీలోంచి చూశాడు. తర్వాత, "ఏసీలో ఉంటే సెదలు పట్టవు గదా బావా?" అన్నాడు.

"సెదలక్కూడా జలుబు సేస్తాది," అన్నాను.

మ్యూజియం గుమ్మంలో మా సంచి వెతికి, చెప్పులు తిరగేసి చూసి, నా జేబులో అగ్గిపెట్టె తీసేసుకున్నారు. పెదబాబు నన్ను చూసి నవ్వాడు. అంత తృప్తిగా నవ్వడం నేను అరుదుగా చూశాను. లోపల తెల్ల గోడలు, గోడలకి బొమ్మలు, ఒక గదిలో కేవలం పడవ తాళ్ళు. అన్నీ దాటుకుంటూ వెళ్ళాం. చివరి గదిలో గోడకి ఒక చిన్న అట్ట. అందులో తెలుగులో రాసి ఉంది. అట్ట పక్కన ఏమీ లేదు. ఉత్త గోడ.

పెదబాబు వేలు పెట్టి, కూడబలుక్కుని చదివాడు. "పెదబాబు. నర్సీపట్నం. దిష్టిబొమ్మ. వెదురు, గడ్డి, గుడ్డ..." వేలు ఆగింది. మళ్ళీ మొదట్నుంచి చదివాడు. "గుడ్డ, నిప్పు." నా వైపు తిరిగాడు. "ఇదేటి బావా, నానెక్కడ ఎట్టినాను నిప్పు?"

లావణ్య అప్పటికే మమ్మల్ని చూసి పరుగున వచ్చింది. "బాబాయ్ గారూ, ఫోన్లో చెప్దామనుకున్నాను. జ్యూరీ సార్లు అలా డిసైడ్ చేశారు. బయట ఆవరణలో... చీఫ్ గెస్ట్ గారు వెలిగిస్తారు. వీడియో తీసి ఈ గోడ మీద వేస్తారు. ప్రదర్శన ఉన్నన్నాళ్ళూ నడుస్తుంది."

"కాల్సరన్నావు గదమ్మా."

"అన్నానండీ." ఆ పిల్ల కళ్ళు ఎత్తలేదు. "నేను అన్నానండీ. నా చేతిలో లేదు."

జ్యూరీ పెద్దాయన జగదీశ్వరరావు గారు ఎదురొచ్చి పెదబాబు రెండు చేతులూ పట్టుకున్నారు. మంచి మనిషే. ఆ చేతులకున్న కోతలు చూసి, "ఎంత కష్టపడ్డారండీ!" అన్నారు. మనస్ఫూర్తిగానే అన్నారు. "మీ పని చూసి మేము రాత్రంతా మాట్లాడుకున్నాం. దిష్టిబొమ్మ కాలినప్పుడే పూర్తవుతుంది. మీరు నిజంగా తయారుచేసేది ఆ మంట."

"ఇది కాల్సడానికి కట్టింది కాదండీ," అన్నాడు పెదబాబు.

జగదీశ్వరరావు గారు మా అందరి వైపూ తిరిగి, "చూశారా, అదే దీని గొప్పతనం!" అన్నారు.

ఆవరణలో ఇసక పోసి, మధ్యలో బొమ్మని నిలబెట్టారు. దూరంగా అగ్నిమాపక వాళ్ళ బండి. బొమ్మ తలకి తెల్లగుడ్డ సంచి తొడిగి మెడ దగ్గర ముడేశారు. ముఖ్య అతిథిగా వచ్చిన పెద్దాఫీసరు గారి పీఏ పొద్దున చూసి, అచ్చం మా సారులాగే ఉందని కంగారు పడ్డాడట. తన పాదాల మీద తను నిలబడి ఉంది బొమ్మ. పెదబాబు సంచిలోంచి చెప్పులు తీసి, దగ్గరికి వెళ్ళి వంగాడు. వంగినవాడు అలాగే ఆగి వాసన చూశాడు. పాంటు పెట్రోలుతో తడిసి ఉంది. సెక్యూరిటీ వాడు భుజం మీద చెయ్యి వేసి వెనక్కి తెచ్చాడు. మొదటి వరసలో, కళాకారుడు అని రాసిన కుర్చీలో కూర్చోబెట్టారు. చెప్పులు రెండూ ఒళ్ళో.

ఉపన్యాసాలయ్యాయి. రిబ్బను కత్తిరించారు. ఆఫీసరు గారు పొడుగు కర్ర చివర వెలిగించి, ముఖం పక్కకి తిప్పుకుని అంటించారు. పెట్రోలు గుప్పుమంది. చొక్కా చేతులు నల్లబడ్డాయి. మంట మెడ కిందిదాకా ఒళ్ళంతా ఒకసారి తడిమి, తలకి అందకుండానే ఆరిపోయింది. తర్వాత పొగ మొదలైంది. వేపాకు చేదుతో తెల్లటి పొగ. లోపల నిప్పు దూరడానికి సందు లేదు. ఆఫీసరు గారు దగ్గుతూ వెనక్కి నడిచారు. మళ్ళీ పెట్రోలు పోశారు. మళ్ళీ గుప్పుమని మళ్ళీ ఆరింది. పొగలో బొమ్మ ఊగకుండా నిలబడి ఉంది. వెనకెవరో నవ్వారు. కెమెరావాళ్ళు కెమెరాలు దించారు.

పెదబాబు ముందుకి వంగి చూస్తున్నాడు. పెదవులు కదులుతున్నాయి. ఏమంటున్నాడో నాకు వినబడలేదు గాని, ఒళ్ళో చెప్పుల మీద వేళ్ళు బిగిశాయి.

మైకులో జగదీశ్వరరావు గారి గొంతు వచ్చింది. "మన కళాకారుడు పెదబాబు గారు ఇక్కడే ఉన్నారు. వారే వచ్చి పూర్తి చేయవలసిందిగా..." జనం చప్పట్లు కొట్టారు. అందరూ ఇటే చూశారు.

నేను చొక్కా పట్టుకుని లాగాను. "ఎల్లకురా. కాలకపోతే పోనీ. తడిపీసి ఇంటికి అట్టుకుపోదాం."

"సగం కాలిందాన్ని వదిలీకూడదు బావా," అన్నాడు. అది అతని పనిలో ఉన్న ఒకే ఒక్క కట్టడి. అంటుకున్న బొమ్మ పూర్తిగా కాలాలి. సగంలో పోలీసులు నీళ్ళు పోసి పోయినా, తర్వాత వెళ్ళి తనే కాల్చి వచ్చేవాడు. చెప్పులు నా చేతికిచ్చి లేచాడు.

రిబ్బను కత్తిరించిన కత్తెర వెండి పళ్ళెంలో ఉంది. అది తీసుకున్నాడు. పొగలోకి వెళ్ళి ముందు మెడ దగ్గర ముడి విప్పి, తెల్ల సంచి తీసేశాడు. కాసేపు ఇద్దరూ ఎదురెదురుగా నిలబడ్డారు. తర్వాత జనానికి వీపు పెట్టి, ఆ ముఖాన్ని కత్తెరతో చుట్టూ కోసి, మడిచి, చొక్కాలోపల దాచుకున్నాడు. అది నేను తప్ప ఎవరూ చూడలేదు. అప్పుడు సింహాద్రమ్మ కుట్లు ఒక్కొక్కటీ తెంపాడు. పొట్టలో చెయ్యి పెట్టి, మోకాలితో నొక్కి కట్టిన గుప్పెళ్ళన్నీ విప్పి, గడ్డి పొడిపొడిగా రేపాడు. నడుం దగ్గర చుట్లు కోసి ఒక్కటే ఉంచాడు. ఏ చెయ్యి వినడం లేదని మొదటి రోజు విసుక్కున్నాడో, ఆ చెయ్యి ఇప్పుడు చక్కగా విన్నది. పక్కకి జరిగి, ఆఫీసరు గారి పొడుగు కర్రతో అంటించాడు.

ఎక్కడా ఆగలేదు. ఆకాశం ఎర్రబడింది. మంచి చప్పట్లు పడ్డాయి. ఆఫీసరు గారు వచ్చి చెయ్యి కలిపి, తర్వాత రుమాలుతో మసి తుడుచుకున్నారు.

మేము బయల్దేరేసరికే లోపలి గోడ మీద అది నడుస్తోంది. పదిమంది చేతులు వెనక్కి కట్టుకుని చూస్తున్నారు. పెదబాబు వాళ్ళ వెనక నిలబడి, టీకొట్టు బల్ల మీంచి చూసినట్టే, మొదట్నుంచి చివరిదాకా చూశాడు. "నడుం కాడ బాగానే పట్టుకుంది," అన్నాడు.

మరునాడు సింహాద్రమ్మ పళ్ళెంలో అన్నం పెడుతూ అడిగింది. "ఎక్కడెట్టినారు మావా?"

"గోడకేసినారు."

"జనం సూస్తన్నారా?"

"సూస్తన్నారు."

ఆమె చూపు గుమ్మం దగ్గరున్న చెప్పుల మీద పడింది. "మరివి తిరిగొచ్చీసినాయేటి?"

"సైజు సాల్లేదు," అన్నాడు పెదబాబు. ఆమె అతని కేసి చూసింది. గరిటె గిన్నెలో పెట్టేసింది. 

తర్వాత వారం రాజుబాబు వచ్చాడు. గుమ్మం ముందు అంత పెద్ద చెప్పులు చూసి, లోపల ఎవరో పెద్దమనిషి ఉన్నాడనుకుని, మెట్టు కిందే ఆగి, గొంతు తగ్గించి పిలిచాడు. "పెదబాబూ, ఎవరైనా ఉన్నారేటి? మళ్ళీ వొచ్చీనా?"

"ఎవులూ నేరు బాబూ," అంటూ పెదబాబు పెరట్లోంచి గడ్డి పట్టుకొచ్చాడు. "ముఖం తెచ్చినారా?"

చొక్కాలో దాచిన ముఖాన్ని సింహాద్రమ్మకి చూపించలేదేం అని మీరు అడగొచ్చు. అడగండి, తప్పు లేదు. ఆ ముఖాన్ని కోసి దాచుకున్నాడన్న ముక్క నేను కల్పించింది. చాలామందికి చాలాసార్లు చెప్పాను, చెప్పగా చెప్పగా ఒకటి రెండుసార్లు నేనే నమ్మాను. పెదబాబు ముఖం కోయలేదు. సంచి తీసి, కాసేపు చూశాడు, అంతవరకు నిజం. బొమ్మ మొత్తమ్మీద తేలిగ్గా అంటుకునేది దూది పెట్టిన ఆ చీర ముక్కే. నిప్పు అక్కడే పెట్టాడు.

చెప్పులు మాత్రం నిజం. ఇప్పటికీ ఆ గుమ్మం ముందే ఉన్నాయి. అటు వచ్చినవాళ్ళు లోపల ఎవరో ఉన్నారనుకుని బయటే నిలబడి పిలుస్తారు.